రెపో ఎక్కడ ఉండాలో నేనెందుకు తేల్చాలి?

కోడ్‌లో చేసిన మార్పులన్నీ గుర్తుపెట్టుకునే పనిముట్టు గిట్. అది ఒక ప్రాజెక్టుని చరిత్రతో సహా దాచే ఫోల్డర్ని రెపో అంటాం, దాన్ని సర్వర్ నుంచి మన మెషీన్లోకి దించే కమాండ్ గిట్ క్లోన్. ఈ గిట్ క్లోన్‌కి మతిమరుపు ఎక్కువ. మనమిచ్చిన యూఆర్‌ఎల్‌లో చివరి ముక్క ఒక్కటే పట్టుకుంటుంది. దాని తోకకున్న డాట్ గిట్‌ని కత్తిరించి, ఆ పేరుతో ఒక ఫోల్డర్ చేస్తుంది. అది కూడా ఆ క్షణాన టెర్మినల్‌లో మనం ఎక్కడుంటే అక్కడే. ఆ రెపో ఎవరిది, ఏ సర్వర్ నుంచి వచ్చింది అన్న సంగతి ఫోల్డర్ పేరులో ఎక్కడా మిగలదు.

నోటో ఫాంట్ల రెపోలు చూస్తే ఇది బాగా తెలుస్తుంది. రెపోలు ఉంచుకునే గిట్‌హబ్ సైటులో నోటోఫాంట్స్ అనే ఖాతా కింద లిపికో రెపో ఉంటుంది. మన లిపి రెపో పేరు ఉత్తి ‘తెలుగు’. క్లోన్ కొట్టగానే మీ మెషీన్లో ‘తెలుగు’ అని ఒక ఫోల్డర్ వెలుస్తుంది. ఆర్నెల్లు పోయాక ఆ ఫోల్డర్ కంటబడితే అది ఫాంటా, ఎవరో చేసిన పదాల పట్టికా, మీరే మొదలుపెట్టి వదిలేసిన కీబోర్డు ప్రాజెక్టా? లోపలికి వెళ్లి చూస్తే తప్ప తెలియదు.

గిట్‌ని తప్పుపట్టలేం. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని రాసింది లినక్స్ కెర్నల్ అనే ఒక్క పెద్ద ప్రాజెక్టు కోసం. ముందు ఖాతా పేరు, తర్వాత రెపో పేరు ఉండే యూఆర్‌ఎల్‌లు మనకు అలవాటైంది 2008లో గిట్‌హబ్ వచ్చాక. కనిపించిన ప్రతిదాన్నీ దించుకుని చూసే సరదా కూడా అప్పటినుంచే పెరిగింది. క్లోన్ మాత్రం పాత పద్ధతిలోనే ఉండిపోయింది. ఎక్కడ పెట్టాలో చెప్తే అక్కడ పెడుతుంది, చెప్పకపోతే ఉన్నచోటే పడేస్తుంది. చాలామందిమి చెప్పం. అందుకే హోమ్ ఫోల్డర్లో కొన్ని, డెస్క్‌టాప్ మీద కొన్ని, డౌన్‌లోడ్స్‌లో కొన్ని రెపోలు ఉంటాయి. ‘కొత్తది’, ‘కొత్తది2’, ‘టెస్ట్’ లాంటి ఫోల్డర్లలో ఇంకొన్ని దాక్కుంటాయి.

గజిబిజిగా ఉండటం దానికదే సమస్య కాదు. నా టేబుల్ కూడా గజిబిజిగానే ఉంటుంది, దానివల్ల ఎవరికీ నష్టం లేదు. రెపోలతో వచ్చే చిక్కు వేరు. దొరకని రెపోని మనం వెతకం, మళ్లీ క్లోన్ చేస్తాం. క్లోన్‌కి కాసేపు చాలు, వెతకడానికి ఓపిక కావాలి. అలా ఒకే రెపోకి రెండు కాపీలు తయారవుతాయి. ఒకదాంట్లో సర్వర్‌కి పంపని (పుష్ చేయని) బ్రాంచి, అంటే విడిగా రాసుకున్న మార్పుల వరస, ఉండిపోతుంది, ఎడిటర్ మాత్రం రెండోదాన్ని తెరుస్తుంది. నిన్న రాసిన ఫంక్షన్ ఇవాళ కనబడదు. ఇంకో పూట ఒక కాపీలో మార్పు చేసి, రెండో కాపీలో సర్వర్ నడిపి, మార్పు ఎందుకు పనిచేయట్లేదా అని బుర్ర గోక్కుంటూ కూర్చుంటాం. ఏ టీమ్‌లో అడిగినా ఇలాంటి కథ ఒకటైనా వినబడుతుంది.

దీనికి అందరికీ మొదట తట్టే మందు విషయాలవారీ ఫోల్డర్లు. ‘ఆఫీసు’, ‘సొంతం’, ‘నేర్చుకునేవి’, ‘ఏఐ’, ‘తెలుగు’. వినడానికి బాగుంటుంది. ఇప్పుడు ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ వాళ్ల ఇండిక్‌ట్రాన్స్2 తీసుకోండి. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఇరవై రెండు భాషలకీ పనికొచ్చే అనువాద మోడల్ అది. దాన్ని ఏఐలో పెట్టాలా, తెలుగులోనా, నేర్చుకునేవాటిలోనా? రేపు ఆఫీసులో దానితోనే పని పడితే ఆఫీసు ఫోల్డర్లోకి మార్చాలా? ఏది ఎంచుకున్నా తప్పనలేం. తప్పు కాని జవాబులు నాలుగు ఉన్నాయంటే, తర్వాత నాలుగు చోట్లా వెతకాల్సిందే. విషయం అనేది రెపోలో లేదు, ఆరోజు దాన్ని మనం ఎందుకు దించుకున్నామన్నదాంట్లో ఉంది. ఆ కారణం మనకే గుర్తుండదు.

నా వాదన ఇంతే. రెపో ఎక్కడ ఉండాలో నేను ఆలోచించకూడదు. ఆ జవాబు యూఆర్‌ఎల్‌లోనే ఉంది, దాన్నే ఫోల్డర్ దారిగా మార్చాలి. హోమ్ ఫోల్డర్ కింద ‘సోర్స్’ అని ఒకటి, దాని కింద సర్వర్ పేరు, దాని కింద ఖాతా పేరు, దాని కింద రెపో. ఫాంటు రెపో సోర్స్/గిట్‌హబ్.కామ్/నోటోఫాంట్స్/తెలుగు అవుతుంది. ఇంకో ‘తెలుగు’ ఎక్కడినుంచి వచ్చినా దీనితో తగువు పెట్టుకోదు. మన పేర్ల పద్ధతే ఇది. ఊళ్లో వెంకటేశ్వర్లు ఎంతమంది ఉన్నా ఇంటిపేరు ముందు పెట్టి పిలిస్తే ఎవరో తెలిసిపోతుంది. క్లోన్ ఇంటిపేరు తీసేసి అందరినీ వెంకటేశ్వర్లు అని పిలుస్తోంది.

ఈ ఆలోచన నాది కాదు. గో భాష వాడినవాళ్లకి గోపాత్ గుర్తుండే ఉంటుంది. 2012లో గో 1.0 వచ్చిననాటి నుంచీ కోడ్ మొత్తం ఒకే వర్క్‌స్పేస్‌లో, ఎస్‌ఆర్‌సీ ఫోల్డర్ కింద, యూఆర్‌ఎల్ ఆకారంలోనే ఉండాలని ఆ భాష పనిముట్లు పట్టుబట్టేవి. నా కోడ్ నా ఇష్టమొచ్చిన చోట పెట్టుకోనివ్వరా అని జనం తిట్టుకున్నారు. 2018లో గో 1.11తో మాడ్యూల్స్ (కోడ్ ఏ ఫోల్డర్లో ఉన్నా నడిచే పద్ధతి) వచ్చి ఆ బలవంతం సడలింది. బలవంతం పోవడం మంచిదే, ఒక భాష నా హోమ్ ఫోల్డర్ని శాసించక్కర్లేదు. కానీ ఆ అమరికలో ఉన్న సుఖం రుచి చూసినవాళ్లు కొందరు దాన్ని వదల్లేదు, గో కాని కోడ్‌కీ అదే వాడారు. జీహెచ్‌క్యూ అనే పనిముట్టు చేసేదీ ఇదే అమరిక.

ఇక ఈ అమరిక కోసం నేను రాసుకున్న స్క్రిప్ట్ సంగతి. టెర్మినల్లో మన కమాండ్లు చదివి నడిపే షెల్‌కి ఇచ్చే చిన్న కమాండ్ల ఫైలు అది. ముప్ఫై నలభై లైన్లకు మించదు. కష్టమంతా యూఆర్‌ఎల్‌ని విడదీయడంలోనే ఉంది, ఎందుకంటే ఒకే రెపోకి చిరునామా రకరకాలుగా రాస్తారు. ఒకటి బ్రౌజర్ నుంచి కాపీ చేసే హెచ్‌టీటీపీఎస్ రూపం. ఇంకొకటి ‘గిట్’ అని మొదలై, ఎట్ గుర్తు, సర్వర్ పేరు, ఆపైన కోలన్ వచ్చే ఎస్‌ఎస్‌హెచ్ రూపం. మూడోది ఎస్‌ఎస్‌హెచ్ అనే మొదలై మధ్యలో పోర్టు నంబరు కూడా ఉండేది, కంపెనీల సొంత సర్వర్లలో ఇది తగులుతుంది. ఈ మూడూ చివరికి ఒకే దారిగా తేలాలి. లేకపోతే ఇవాళ హెచ్‌టీటీపీఎస్‌తో, రేపు ఎస్‌ఎస్‌హెచ్‌తో క్లోన్ చేసి మళ్లీ రెండు కాపీల దగ్గరికే వస్తాం.

దీనికి సెడ్, ఆక్ లాంటి టెక్స్ట్ పనిముట్లు అక్కర్లేదు, షెల్‌లోనే ఉన్న కత్తిరింపులు చాలు. వేరియబుల్ పేరు పక్కన హ్యాష్ గుర్తు పెడితే ముందు భాగం కోస్తుంది, శాతం గుర్తు పెడితే వెనక భాగం కోస్తుంది. ఏది ఏ వైపో ఎప్పుడూ మర్చిపోయేవాళ్లకి ఒక చిట్కా: కీబోర్డు మీద డాలర్ గుర్తుకి ఎడమ పక్కన హ్యాష్ ఉంటుంది, కుడి పక్కన శాతం ఉంటుంది. ఎడమది ముందు, కుడిది వెనక. శాతంతో డాట్ గిట్ తోక పోతుంది. హ్యాష్‌తో ప్రోటోకాల్ పోతుంది, ఎట్ గుర్తు దాకా ఉన్నదీ పోతుంది. ఈ రెండోది మర్చిపోకండి. కొందరు పాస్‌వర్డు బదులు వాడే యాక్సెస్ టోకెన్‌ని యూఆర్‌ఎల్‌లోనే ఇరికించి క్లోన్ చేస్తారు. ఎట్ ముందుది కోయకపోతే ఆ టోకెన్ ఫోల్డర్ పేరుగా స్క్రీన్ మీద కూర్చుంటుంది. (గిట్ తన కాన్ఫిగ్ ఫైల్లో దాన్ని ఎలాగూ రాసుకుంటుంది, కాబట్టి అసలు ఆ అలవాటే మానుకుంటే మేలు.) ఆ తర్వాత పోర్టు నంబరు తీసేసి, మిగిలిన కోలన్‌ని స్లాష్ చేస్తే దారి తయారు.

అక్షరాల సైజు ఇంకో తలనొప్పి. గిట్‌హబ్‌కి ఖాతా పేరు పెద్ద అక్షరాల్లో రాసినా చిన్న అక్షరాల్లో రాసినా ఒకటే. లినక్స్ ఫైల్ సిస్టమ్‌కి అవి రెండు వేరే ఫోల్డర్లు. మ్యాక్‌లో మామూలుగా అవి మళ్లీ ఒకటే. ఏఐ4భారత్ లాంటి పేరు ఒక్కొక్కరు ఒక్కోలా టైపు చేస్తారు. అందుకని దారిని మొత్తం చిన్న అక్షరాల్లోకి మార్చేస్తాను, క్లోన్‌కి మాత్రం యూఆర్‌ఎల్ ఎలా వచ్చిందో అలాగే ఇస్తాను. బాష్ అనే షెల్‌లో ఇలా మార్చడానికి రెండు కామాల అడ్డదారి ఒకటి ఉంది. దాన్ని నమ్ముకోకండి. అది నాలుగో వెర్షన్లో వచ్చింది, మ్యాక్‌తో వచ్చే బాష్ లైసెన్సు గొడవ వల్ల 3.2 దగ్గరే ఆగిపోయింది. పాత టీఆర్ కమాండే నయం, ఎక్కడైనా నడుస్తుంది.

దారి తయారయ్యాక దాంట్లో వరసగా రెండు చుక్కల ముక్క (పై ఫోల్డర్‌కి గుర్తు అది) ఉందేమో చూడాలి, ఉంటే ఆగిపోవాలి. ఎవరో ఇచ్చిన యూఆర్‌ఎల్ మన సోర్స్ ఫోల్డర్ దాటి బయటికి రాయకూడదు కదా. తర్వాత ఆ ఫోల్డర్ ఇప్పటికే ఉందా అని చూడాలి. ఉంటే క్లోన్ చేయనక్కర్లేదు, దారి చెప్పి ఊరుకోవాలి. నాకు స్క్రిప్ట్ మొత్తంలో ఎక్కువ నచ్చిన భాగం ఇదే. ‘ఇది నా దగ్గర ఉందా?’, ‘ఎక్కడుంది?’, ‘లేకపోతే తెచ్చిపెట్టు’ అనే మూడు పనులకీ ఒకే కమాండ్. యూఆర్‌ఎల్ అతికించి ఎంటర్ కొట్టడమే. మధ్యలో ఫోల్డర్లు లేకపోతే క్లోనే చేసుకుంటుంది, మనం ముందుగా తయారుచేయక్కర్లేదు.

కొత్తగా షెల్ రాసేవాళ్లు ఇక్కడ ఒకచోట ఇరుక్కుంటారు. స్క్రిప్ట్ చివర సీడీ (ఫోల్డర్ మారే కమాండ్) అని రాసి, రన్ చేసి, టెర్మినల్ ఉన్నచోటే ఉందేమిటని చూస్తారు. స్క్రిప్ట్ నడిచేది వేరే ప్రాసెస్‌గా. అది తన ఫోల్డర్ మార్చుకోగలదు, తనని పిలిచిన షెల్‌ది మార్చలేదు. కాబట్టి స్క్రిప్ట్ పని దారిని ప్రింట్ చేయడం వరకే. దాన్ని పట్టుకుని సీడీ చేసే రెండు లైన్ల ఫంక్షన్ ఒకటి షెల్ మొదలయ్యేటప్పుడు చదివే బాష్‌ఆర్‌సీలోనో జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీలోనో పెట్టాలి. క్లోన్ చేసేటప్పుడు వచ్చే ప్రోగ్రెస్ మెసేజ్‌లు స్టాండర్డ్ ఎర్రర్ అనే వేరే గొట్టంలోకి పోతాయి గనక దారితో కలవవు. మనం రాసే మెసేజ్‌లు కూడా అటే పంపాలి.

ఇదంతా జీహెచ్‌క్యూ చేస్తుంటే సొంత స్క్రిప్ట్ ఎందుకు? న్యాయమైన ప్రశ్నే. అది మంచి పనిముట్టు, దాన్ని తీసిపారేసేంత గొప్ప స్క్రిప్ట్ నాదేం కాదు. షెల్ రాయడం ఇష్టం లేనివాళ్లకి నేనూ అదే పెట్టుకోమంటాను. నా లెక్క వేరు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టాలంటే ఐటీ వాళ్లకి టికెట్ వేసి, ఎందుకో రాసి, మేనేజర్ అప్రూవల్ కోసం చూడాలి. టెక్స్ట్ ఫైలుకి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పైగా ఈ పని ఎంత చిన్నదంటే, అది ఏం చేస్తుందో ఒక్క స్క్రీన్లో చదివేయొచ్చు. టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి ‘అన్నా, ఇది నాకూ ఇవ్వవా’ అంటే ఫైల్ ఇచ్చేస్తాను. వాడు చదువుకుని తనకి కావలసినట్టు మార్చుకుంటాడు. అసలు విలువ అమరికది. రెండిటి అమరికా ఒకటే గనక రేపు నేను జీహెచ్‌క్యూకి మారినా పెద్దగా కదపాల్సింది ఉండదు.

అమరిక ఒకసారి కుదిరాక, దానికోసం ప్రయత్నించకుండానే వచ్చిన లాభం ఒకటుంది. అది ఈమెయిల్. ప్రతి కమిట్ మీదా, అంటే గిట్‌లో దాచిన ప్రతి మార్పు మీదా, అది చేసినవాళ్ల ఈమెయిల్ పడుతుంది. ఆఫీసు గిట్‌ల్యాబ్‌లో (గిట్‌హబ్ లాంటిదే) ఒక ఈమెయిల్, గిట్‌హబ్‌లో సొంతది, హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ వాళ్లు నడిపే గిట్‌ల్యాబ్ సర్వర్లో పనిచేసేవాళ్లకి ఇంకొకటి. ప్రతి రెపోలో చేత్తో సెట్ చేయడం ఎవరి వల్లా కాదు. ఆఫీసు ఈమెయిల్‌తో బహిరంగ రెపోలో కమిట్ పడిందంటే అది చరిత్రలో ఉండిపోతుంది. మార్చాలంటే అక్కడినుంచి కమిట్ల హ్యాష్‌లన్నీ (వాటి గుర్తింపు సంఖ్యలు) మారతాయి, ఆ రెపో వాడేవాళ్లందరికీ చెప్పుకోవాలి. 2017లో వచ్చిన గిట్ 2.13 నుంచి కాన్ఫిగ్‌లో ఇన్‌క్లూడ్‌ఇఫ్ అనేది ఉంది. ఫలానా ఫోల్డర్ కింద ఉన్న రెపోలకి ఫలానా కాన్ఫిగ్ ఫైల్ చదువు అని దానికి చెప్పొచ్చు. రెపోలు చెల్లాచెదురుగా ఉన్నవాడికి అది పనికిరాదు, ఏ ఫోల్డర్ అని చెప్తాడు? సర్వర్ పేరుతో ఫోల్డర్ ఉన్నవాడికి సర్వర్‌కి రెండు లైన్లు చాలు. ఫోల్డర్ దారి చివర స్లాష్ మర్చిపోవద్దు, అది ఉంటేనే లోపలున్న రెపోలన్నిటికీ వర్తిస్తుంది. యూజ్‌కాన్ఫిగ్‌ఓన్లీ అనే సెట్టింగ్ కూడా పెట్టి, గ్లోబల్ కాన్ఫిగ్‌లో ఈమెయిల్ తీసేస్తే ఇంకా నిశ్చింత. ఏ ఫోల్డర్ కిందా పడని రెపోలో గిట్ ఈమెయిల్ ఊహించుకోకుండా కమిట్‌నే ఆపేస్తుంది.

ఇన్ని మెట్ల దారి రోజూ ఎవరు టైపు చేస్తారని అడిగేవాళ్లు ఉంటారు. ఎవరూ చేయరు. జాబితాలో వెతికి ఎంచుకోనిచ్చే ఎఫ్‌జెడ్‌ఎఫ్ అనే పనిముట్టు ఉంటే రెపోల జాబితా దానికిచ్చి, మూడు అక్షరాలు కొట్టి ఎంచుకుంటాం. ఆ జాబితా తీయడంలో ఒక చిన్న కిటుకుంది. ప్రతి రెపోలో గిట్ తన చరిత్ర దాచుకునే డాట్ గిట్ అనే ఫోల్డర్ల కోసం ఫైండ్ కమాండ్‌తో వెతికితే అది నోడ్ మాడ్యూల్స్ (జావాస్క్రిప్ట్ లైబ్రరీలు కుప్పపడే ఫోల్డర్) లోపల దూరి ఎప్పటికో బయటికొస్తుంది. పైగా వర్క్‌ట్రీలలో (ఒకే రెపోకి ఇంకో పని ఫోల్డర్), సబ్‌మాడ్యూల్స్‌లో (రెపో లోపల రెపో) డాట్ గిట్ అనేది ఫోల్డర్ కాదు, మామూలు ఫైలు. కాబట్టి ప్రతి ఫోల్డర్లో డాట్ గిట్ ఏ రూపంలోనైనా ఉందా అని చూడమని, ఉంటే పేరు చెప్పి ఇక లోపలికి పోవద్దని ఫైండ్‌కి చెప్పాలి. బరువంతా రెపోల లోపలే ఉంటుంది గనక జాబితా చిటికెలో వచ్చేస్తుంది. ఇన్ని మెట్లే ఉండాలని లెక్క పెట్టకపోవడం కూడా మంచిది. గిట్‌ల్యాబ్‌లో గ్రూపు లోపల గ్రూపుగా ఇరవై అంతస్తుల దాకా పోవచ్చు.

‘సెర్చ్ ఉండగా సర్దడం ఎందుకు’ అన్నది ఇంకో వాదన. సెర్చ్ ఎక్కడుందో చెప్తుంది. రెండు దొరికితే ఏది అసలైనదో చెప్పదు. దాని గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

గట్టి అభ్యంతరం ఒకటే ఉంది: యూఆర్‌ఎల్‌లు మారతాయి. ప్రాజెక్టు వేరే ఖాతాకి పోతుంది, పేరు మార్చుకుంటుంది. గిట్‌హబ్ పాత చిరునామా నుంచి కొత్తదానికి దారి మళ్లిస్తుంది కాబట్టి మన పుల్ (కొత్త మార్పులు దించుకునే కమాండ్) పనిచేస్తూనే ఉంటుంది, మనకి తెలియదు. ఫోల్డర్ దారి మాత్రం పాత మాటే చెప్తుంటుంది. పాత చోట అదే పేరుతో ఎవరైనా కొత్త రెపో పెడితే ఆ మళ్లింపు కూడా పోతుంది. దీనికి నా జవాబు స్క్రిప్ట్‌లో రెండో కమాండ్. అది ప్రతి రెపోలో ఆరిజిన్ (ఎక్కడినుంచి క్లోన్ చేశామో ఆ చిరునామా) చదివి, దాన్నుంచి దారి లెక్కగట్టి, ఇప్పుడున్న దారితో పోల్చి, తేడా ఉన్నవాటిని చూపిస్తుంది. గిట్‌హబ్ చేసే మళ్లింపుని ఇది పట్టుకోలేదు, ఎందుకంటే ఆరిజిన్‌లో పాత చిరునామానే ఉంటుంది. పేరు మారిందని తెలిసినప్పుడు రిమోట్‌ని (రెపోలో రాసున్న సర్వర్ చిరునామాని) నేనే మార్చుకోవాలి, మిగతాది అది చూసుకుంటుంది. ఫోల్డర్ని కూడా తనే జరిపేయొచ్చు కదా అంటే, వద్దు. పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ప్రాజెక్టుకి విడిగా లైబ్రరీలు పెట్టుకునే ఫోల్డర్) లోపల పూర్తి దారులు రాసుకుని ఉంటాయి, జరిపితే విరుగుతుంది. వర్క్‌ట్రీలకీ అదే గతి, వాటికి రిపేర్ కమాండ్ ఉందిగానీ దాన్ని మనమే గుర్తుపెట్టుకుని నడపాలి. జరపడం చేత్తోనే మేలు.

ఫోర్క్‌ల గురించి, అంటే వేరేవాళ్ల ప్రాజెక్టుకి మన ఖాతాలో చేసుకునే కాపీల గురించి, వాదులాట ఎప్పుడూ ఉంటుంది. నా ఫోర్క్ నా పేరు కింద ఉండాలా, అసలు ప్రాజెక్టు పేరు కిందా? యూఆర్‌ఎల్ సూత్రం ప్రకారం రెండూ వేర్వేరు రెపోలు, రెండు ఫోల్డర్లు. నేను అలా చేయను. ఎప్పుడూ అసలు ప్రాజెక్టునే క్లోన్ చేస్తాను, నా ఫోర్క్‌ని దాంట్లో రెండో రిమోట్‌గా పెడతాను. పుష్ మామూలుగా ఫోర్క్‌కి పోయేలా పుష్‌డిఫాల్ట్ సెట్ చేసుకుంటే సరిపోతుంది. ఫోర్క్ అనేది మార్పులు పంపడానికి నేను వాడుకునే దారి మాత్రమే, నేను చదివేదీ పనిచేసేదీ అసలు ప్రాజెక్టు మీదే. ఏళ్ల తరబడి సొంత దారిలో నడిచే ఫోర్క్ అయితే వేరే మాట, అది నిజంగానే వేరే రెపో.

ఇంకా రిమోట్ లేని సొంత ప్రయోగాలకి యూఆర్‌ఎల్ లేదు కాబట్టి సోర్స్‌లో చోటూ లేదు. అవి ‘చిత్తు’ అనే ఫోల్డర్లో ఉంటాయి. ఏదైనా నిలబడితే సర్వర్‌కి పుష్ చేసి, అక్కడినుంచి క్లోన్ చేసుకుంటాను.

ల్యాప్‌టాప్ మార్చేటప్పుడు ఈ అమరిక అసలు రంగు బయటపడుతుంది. సోర్స్ ఫోల్డర్ని కాపీ చేయనక్కర్లేదు. ఆరిజిన్‌ల జాబితా ఒక టెక్స్ట్ ఫైల్లో రాసుకుంటే, కొత్త మెషీన్లో ఒక్కో లైనూ స్క్రిప్ట్‌కి ఇస్తే అన్నీ వాటి వాటి చోట్లకి వచ్చి కూర్చుంటాయి. నిజానికి అన్నీ తెచ్చుకోను కూడా. అవసరమైనప్పుడు యూఆర్‌ఎల్ అతికిస్తే వచ్చేదానికి ముందే తెచ్చిపెట్టుకోవడం ఎందుకు?

పాత మెషీన్ తుడిచే ముందు మాత్రం మూడు చోట్ల చూడాలి, స్క్రిప్ట్‌లో మూడో కమాండ్ దానికోసమే. కమిట్ చేయని మార్పులు ఉన్నాయా అన్నది స్టేటస్ చెప్తుంది. స్టాష్‌లో (తాత్కాలికంగా పక్కన పెట్టిన మార్పుల్లో) ఏమైనా ఉందా అన్నది విడిగా అడగాలి, ఎందుకంటే స్టాష్ పుష్‌తో పాటు పోదు. లోకల్ బ్రాంచిల్లో ఉండి ఏ రిమోట్‌లోనూ లేని కమిట్లని లాగ్‌కి బ్రాంచెస్, నాట్, రిమోట్స్ అనే మూడు ఆప్షన్లు వరసగా ఇచ్చి రాబట్టొచ్చు. ఈ మూడూ ఖాళీగా వస్తే చాలనుకుంటారు చాలామంది. చాలదు. పాస్‌వర్డులూ ఏపీఐ కీలూ ఉండే డాట్ ఎన్వ్ ఫైళ్లని గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో) పెడతాం, మామూలు స్టేటస్ వాటి ఊసే ఎత్తదు, అవి ఏ సర్వర్లోనూ ఉండవు. ఇగ్నోర్డ్ ఆప్షన్ ఇస్తే చూపిస్తుందిగానీ వాటితో పాటు నోడ్ మాడ్యూల్సూ, బిల్డ్ ఫోల్డర్లూ వరదలా వచ్చిపడతాయి. అందుకని నా స్క్రిప్ట్ ఆ జాబితాలో డాట్ ఎన్వ్‌తో మొదలయ్యే పేర్లనీ, లోకల్ డేటాబేస్ ఫైళ్లనీ మాత్రం ఏరి చూపిస్తుంది. దేన్నీ తీసేయదు. తీసేసేది నేనే, చూసుకుంటూ ఒక్కొక్కటిగా.